శ్రుతి యాడ పెట్టి మర్చిపోయినాం? కర్నూలులో ఒక వాద్యబృందం కేస్ స్టడీ

కర్నూలులో ఆర్కెస్ట్రా అంటే సినిమా పాటలే. పెళ్ళి రిసెప్షన్‌లోనో జాతరలోనో ఇద్దరు గాయకులు, ఒక కీబోర్డు, ప్యాడ్స్, నాలుగు పెద్ద బాక్సులు. అందుకే మేం పద్నాలుగు మంది కలిసి శాస్త్రీయ సంగీతం వాయించే బృందం పెట్టుకున్నప్పుడు పేరులో ఆ మాట రానివ్వలేదు. వాద్యబృందం అన్నాం. అయినా ఫోన్ చేసేవాళ్ళు "ఆర్కెస్ట్రా సారేనా?" అనే అడుగుతారు. మొదట్లో చిరాకేసేది, ఇప్పుడు అలవాటైపోయింది.

నేను వయొలిన్ నేర్పుతాను, బృందానికి పాఠాలు రాసేదీ నేనే. ఐదు వయొలిన్లు, రెండు వేణువులు, ఒక వీణ, కీబోర్డు, బేస్ గిటారు, మృదంగం, ఘటం, తవిల్, ప్యాడ్స్. మొదటి వయొలిన్ నా శిష్యురాలే, డిగ్రీ చదువుతున్న అమ్మాయి. మృదంగం వాయించేది నాకంటే పెద్దాయన. ఇక్కడ రాస్తున్నది రెండు కచేరీల కథ. ఒకే మైదానంలో, ఎనిమిది నెలల తేడాతో జరిగాయి. మొదటిదానికి చప్పట్లు మోగిపోయాయి, సంగీతం మాత్రం చెడింది. ఎందుకు చెడిందో వెతుక్కుంటూ పోతే, నేను మొదట అనుమానించిన చోట అది దొరకలేదు.

దాత చూపించిన వీడియో

అంతకుముందు మా కచేరీలు గుళ్ళలో జరిగేవి. తెల్ల దుప్పటి మీద కూర్చుని రెండు గంటలు వాయించేవాళ్ళం. వినడానికి అరవై, డెబ్బై మంది వచ్చేవాళ్ళు, వాళ్ళలో సగం మంది నా శిష్యుల అమ్మానాన్నలు. తని ఆవర్తనం, అంటే మృదంగం, ఘటం లాంటి తాళవాద్యాల వంతు, మొదలైతే చాలు, మిగతా సగం టీ కోసం లేచేది.

ఒకసారి బేతంచెర్ల నాపరాళ్ళ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి, శ్రీరామనవమికి మైదానంలో పెద్ద కచేరీ పెట్టిస్తానన్నాడు. ఖర్చంతా తనదే. ఫోన్ తీసి ఆండ్రే రియూ వీడియో చూపించాడు. "చూడు సార్, ఆయప్పదీ వయొలినే, మీదీ వయొలినే. ఆయన నిలబడి నవ్వుతా వాయిస్తాంటే జనం ఎగురుతాండారు, ఏడుస్తాండారు. మీరేమో పరీక్ష రాసేటోళ్ళ మాదిరి తల వంచుకోని కూర్చుంటారు."

నాకు జవాబు తోచలేదు. లోపల మాత్రం "అది సర్కస్ కదా" అనుకున్నాను. ఆ రాత్రి ఇంటికి పోయి, తిట్టడానికైనా వినాలి కదా అని రెండు గంటలు కూర్చుని విన్నాను. తిట్టడం అంత సులువుగా కుదరలేదు.

రియూ 1949లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో పుట్టాడు. తండ్రి సింఫనీ ఆర్కెస్ట్రా నడిపించిన కండక్టరు. తనూ వయొలిన్ పద్ధతిగా చదువుకున్నవాడే. 1987లో యోహాన్ స్ట్రాస్ ఆర్కెస్ట్రా పెట్టాడు. చేతిలో వయొలిన్‌తో నిలబడి, జనం వైపు తిరిగి, బృందాన్ని నడిపించడం ఆయన కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దంలో వియన్నాలో స్ట్రాస్ కుటుంబం నాట్యమందిరాల్లో అట్లాగే నడిపించేది. వియన్నా ఫిల్‌హార్మోనిక్ నూతన సంవత్సర కచేరీలను 1955 నుంచి 1979 దాకా నడిపించిన విల్లీ బోస్కోవ్‌స్కీ కూడా చేతిలో వయొలిన్ పట్టుకునే నడిపించాడు. ఆ కచేరీ చివర రాడెట్‌జ్కీ మార్చ్ వాయిస్తుంటే కండక్టరు జనం వైపు తిరిగి, ఎక్కడ మెల్లగా చప్పట్లు కొట్టాలో, ఎక్కడ గట్టిగా కొట్టాలో చేత్తో చూపిస్తాడు. జనం చప్పట్లకు కూడా హెచ్చు తగ్గులు నేర్పడమన్నమాట. దాన్ని సర్కస్ అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంకా వెనక్కి పోతే ఇంకా తమాషాలు కనిపిస్తాయి. 1840లలో లండన్‌లో ప్రామెనేడ్ కచేరీలు చేసిన లూయీ జూలియన్, బేతోవెన్ కృతి వచ్చే ముందు వెండి పళ్ళెంలో తెప్పించిన తెల్ల చేతితొడుగులు వేసుకుని, రాళ్ళు పొదిగిన బేటన్ (కండక్టరు చేతి పుల్ల) పట్టుకునేవాడు. నవ్వొస్తుంది. కానీ తక్కువ డబ్బుకు టికెట్ కొన్న మామూలు జనానికి బేతోవెన్‌ను వినిపించినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు.

మన దగ్గర మాత్రం లేదా? మైసూరు చౌడయ్య గారు ఏడు తీగల వయొలిన్ తయారు చేయించుకున్నారు. అది చూసి విచిత్రం అనుకున్నవాళ్ళుంటారు గానీ, మైకులు లేని రోజుల్లో వెనక వరుస దాకా నాదం వినపడాలని చేసిన పని అది. వయొలిన్ విద్వాంసుడు కున్నకుడి వైద్యనాథన్ గారి నుదుటి మీద పెద్ద కుంకుమ, విభూతి, పక్కన తవిల్, మధ్యమధ్యలో సినిమా పాటలు. అయినా ఆయన కమాను పట్టుకు వంక పెట్టడం కష్టం. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారు స్థిరపరిచారని చెప్పుకునే కచేరీ పద్ధతి ఉంది కదా, వర్ణంతో వేడెక్కించి, నడుమ పెద్ద రాగం పెట్టి, చివర తుక్కడాలనే చిన్న పాటలతో ఇంటికి పంపడం. జనం మనసు తెలిసినవాడే అట్లా అమర్చగలడు.

ఇక రాయలసీమ జనానికి ఈ షో కొత్తా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలు మాయలు, మంటలు, గాల్లో ఎగిరే పాత్రలతో ఊళ్ళు తిరిగాయి. పద్యనాటకంలో నటుడు రాగం తీసి తీసి ఊపిరి బిగబట్టి నిలిపితే "వన్స్ మోర్" అని కేకలు. కృష్ణుడు రాయబారం ఆపేసి పద్యం మళ్ళీ అందుకోవాల్సిందే. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారి లాంటివాళ్ళు ఈ రాగాల మోజు తగ్గించి నటన పెంచాలని చూశారు. ఆ మోజు మాత్రం ఊళ్ళల్లో పోలేదు. ఇంతకీ ఆ వన్స్ మోర్ దేనికి? కిరీటానికి కాదు, నిలిచిన శ్రుతికి. ఈ సంగతి నాకు అప్పుడే తట్టి ఉంటే ఈ కేసు ఉండేది కాదు.

మొదటి కచేరీ

దాతకు సరే అన్నాం. ఏప్రిల్ నెల, రాత్రి ఏడున్నరకు. తొమ్మిది సాయంత్రాలు, రోజుకు మూడేసి గంటలు రిహార్సల్.

అందరూ నిలబడి వాయించాలి. మొదటి వయొలిన్ అమ్మాయి స్టేజి దిగి జనం మధ్యకు నడుచుకుంటూ పోవాలి. ఆడవాళ్ళకు ఒకే రంగు పట్టుచీరలు, మాకు షేర్వాణీలు (నాపరాళ్ళ పెద్దమనిషి స్వయంగా ఎంచిన రంగు, దాని గురించి ఎక్కువ రాయను). పొగ యంత్రం, తిరిగే లైట్లు. పాటల్లో తోడి, ముఖారి, కదనకుతూహలం రాగాల్లో ఒక్కో కృతి, రెండు ముత్తుస్వామి దీక్షితార్ నొట్టుస్వరాలు, నాలుగు సినిమా పాటలు, ఒక వియన్నా వాల్ట్జ్.

కుర్చీలు ఏడు వందలు వేస్తే అన్నీ నిండాయి. గోడల మీద కూడా కూర్చున్నారు. అమ్మాయి వాయిస్తూ వరుసల మధ్యకు దిగగానే ఫోన్లన్నీ పైకి లేచాయి. చివర జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గుళ్ళో అరవై మందికి వాయించినవాళ్ళం, మాకు ఒళ్ళు పులకరించింది. దాత వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు.

సామాన్లు సర్దుతుంటే ఒక ముసలాయన వచ్చాడు. ఒకప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాడు, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నా భుజం మీద చెయ్యి వేసి, "పిల్ల బాగా తిరిగింది నాయనా. శ్రుతి యాడనో పెట్టి మర్చిపోయింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. బీడీ ముట్టించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వయసు మీదపడి ఆయన చెవి మందగించిందేమో అని సర్దిచెప్పుకున్నాను కూడా.

విన్నది, చూసింది

మిక్సర్‌లో ఒక్కో మైకు శబ్దాన్ని విడివిడిగా రికార్డు చేసే వీలుంది. సౌండ్ అబ్బాయిని బతిమాలి ఆ ట్రాకులు పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ముందు వీడియో పెట్టుకుని చూశాను. బాగానే ఉంది. తర్వాత బొమ్మ ఆపేసి, గోడ వైపు తిరిగి కూర్చుని విన్నాను.

తోడి రాగంలో గాంధారం, అంటే స-రి-గలో గ, ఊగాలి. ఆ స్వరాన్ని ఊపకుండా నిలబెట్టేస్తే అది తోడి కాదు, ఇంకేదో పలచటి పాట అయిపోతుంది. మా రికార్డులో గాంధారం గుంజకు కట్టినట్టు నిలబడి ఉంది. కొన్ని చోట్ల తగ్గు శ్రుతిలో నిలబడి ఉంది. పై షడ్జం (పై స) నుంచి కిందికి జారాల్సిన జారులన్నీ మెట్లు దిగినట్టు వినిపించాయి. ఇంకో విచిత్రం ఏమిటంటే, జనానికి వెళ్ళిన మొత్తం శబ్దంలో వయొలిన్లు దాదాపు లేవు. వయొలిన్లు కనిపించాయి, కీబోర్డు వినిపించింది.

2013లో చియా-జుంగ్ సాయ్ అనే పియానో కళాకారిణి, పరిశోధకురాలు ఒక అధ్యయనం ప్రచురించారు. సంగీత పోటీల్లో ఎవరు గెలిచారో ఊహించమని మామూలు శ్రోతలకూ, సంగీతం తెలిసినవాళ్ళకూ ఇచ్చారు. శబ్దం మాత్రమే విన్నవాళ్ళ కంటే, శబ్దం లేకుండా వీడియో చూసినవాళ్ళే ఎక్కువగా సరైన విజేతను పట్టుకున్నారు. సంగీతం తెలిసినవాళ్ళు కూడా అంతే. నేను ముప్పై ఏళ్ళుగా వయొలిన్ నేర్పుతున్నవాణ్ణి, వీడియో చూసినప్పుడు బాగానే ఉందనుకున్నానంటే మరి ఆశ్చర్యమేముంది.

కారణాలు వెతికాను. మూడు దొరికాయి, మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

మొదటిది కూర్చునే తీరు. మన పద్ధతిలో వయొలిన్ ఒక చివర, అంటే చుట్టలాంటి తల, కుడి పాదం మడమ దగ్గర ఆనుకుంటుంది. రెండో చివర ఎడమ భుజం, ఛాతీ మధ్య ఆనుతుంది. రెండు కొసలకూ ఆధారం ఉంది కాబట్టి ఎడమ చేతికి వాయిద్యాన్ని మోసే పని లేదు. చెయ్యి తీగ మీద కింది నుంచి పైకి, పై నుంచి కిందికి స్వేచ్ఛగా జారుతుంది. గమకాలన్నీ, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, ఆ స్వేచ్ఛలోనే పుడతాయి. బాలుస్వామి దీక్షితార్ కాలంలో మన దగ్గరికి వచ్చిన ఈ విదేశీ వాయిద్యాన్ని మనవాళ్ళు మార్చలేదు, పట్టుకునే తీరు మార్చారు, శ్రుతి చేసే తీరు స-ప-స-పగా మార్చారు. రియూ నిలబడడం షో కాదు, అది ఆయన పద్ధతిలో మామూలు సంగతి. వాళ్ళు గడ్డానికీ భుజానికీ మధ్య వయొలిన్‌ను బిగించి పట్టడం చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటారు, వాళ్ళ సంగీతంలో మనంతటి జారులూ లేవు. మేం తొమ్మిది రోజుల్లో పిల్లల పాదం ఆధారం తీసేశాం. చెయ్యి కిందికి జారితే వయొలిన్ కూడా దానితోపాటు జారిపోతుందేమోనని భయపడి, ఐదుగురూ తెలియకుండానే గమకాలు తగ్గించేశారు. ఏ ఒక్కరూ ఆ మాట నాతో అనలేదు. నేను అడగనూ లేదు.

రెండోది సౌండ్. అమ్మాయి మైకు తగిలించుకుని జనంలోకి దిగితే పెద్ద బాక్సుల ఎదుటికి వస్తుంది. బాక్సు శబ్దం మళ్ళీ మైకులోకి పోయి కూత పెడుతుంది. సౌండ్ అబ్బాయి నిజాయితీగానే చెప్పాడు, "రెండుసార్లు కూత పెట్టింది సార్, జనం చెవులు మూసుకున్నారు. అందుకే వయొలిన్లు తగ్గించి కీబోర్డు పెంచినా, ఎకో కూడా వేసినా." అతణ్ణి తప్పు పట్టడానికేమీ లేదు. అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. కీబోర్డులో గాంధారం ఒకే మీట, ఊగదు. స్వరాన్ని వంచే చక్రం ఉన్నా, మా అబ్బాయి దాన్ని సినిమా పాటలకే వాడతాడు. జనం విన్నది ఆ మీట తోడినే.

మూడోది గంటల లెక్క. నా నోటు పుస్తకంలో రోజూ ఏం చేశామో రాసుకునే అలవాటుంది. లెక్క వేస్తే మొత్తం 27 గంటల్లో నడకలు, నిలబడే చోట్లు, చీరలు, లైట్లు, ప్రచారానికి చిన్న వీడియోలు తీసుకోవడం, ఇవన్నీ కలిపి 12 గంటలు. వాల్ట్జ్‌కు 6. మిగిలిన 9 గంటల్లో మిగతా పాటలన్నీ. తోడికి మొత్తం మీద నలభై నిమిషాలు.

ఈ మూడో కారణం దగ్గర నేను చాలాసేపు ఆగాను. షో వల్ల సంగీతం చెడుతుందా అని అందరూ వాదిస్తారు, నేనూ వాదించాను. మా కేసులో షో ఉచితంగా రాలేదు, సంగీతం గంటల్లోంచి కొనుక్కున్నాం. ఆ ఖరీదు ఎవరూ పుస్తకంలో రాయలేదు, అంతే. రియూ బృందం ఏటా అదే కార్యక్రమంతో ఊరూరా తిరుగుతుంది. నవ్వుకీ నడకకీ పట్టే సమయం వాళ్ళకు ఎన్నో కచేరీల మీద పంచుకుపోతుంది. మాకు ఏడాదికి ఒక్క పెద్ద కచేరీ.

వాల్ట్జ్ గురించి ఒక ముక్క. మూడు మాత్రల లెక్కే కదా, తిశ్రం వాయించే మాకు ఎంతసేపు అనుకున్నాను. ఆరు గంటలు పోసినా అది వాల్ట్జ్ కాలేదు. వియన్నావాళ్ళు రెండో దెబ్బను కొంచెం ముందుగా వేస్తారు, మూడోది దాని చోట దానికే ఉంటుంది. ఆ కొంచెం ఎంతో ఎవరూ రాసి ఇవ్వలేరు. ఆ ఊపు వల్లే అది నడక కాక నాట్యం అవుతుంది. మా రెండో దెబ్బ గడియారంలా పడింది. జనం చప్పట్లు కొట్టారనుకోండి. తేలిక సంగీతం అని మనం కొట్టిపారేసేదాంట్లో కూడా ఎంత పని ఉందో నాకు ఆ ఆరు గంటల్లో తెలిసొచ్చింది. మా తోడి వాళ్ళకు రానట్టే, వాళ్ళ రెండో దెబ్బ మాకు రాదు.

ఏం మార్చాం

ముందు బృందాన్ని కూర్చోబెట్టి ట్రాకులు వినిపించాను. లైట్లార్పేసి. అమ్మాయి ఏడ్చింది. ఘటం అబ్బాయి "అంతమంది లేచి నిలబడినారు కదా సార్, ఇంకేం కావాల?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మృదంగం సార్ జవాబు చెప్పాడు, "లేచి నిల్చుండేది ఇంటికి పోయేదానికి కూడా అప్పా."

పాటలను రెండు కుప్పలు చేశాం. నిలబడి వాయించినా చెడనివి ఒక కుప్ప. నొట్టుస్వరాలు అక్కడికి పోయాయి, అవి ముత్తుస్వామి దీక్షితార్ విన్న పాశ్చాత్య బ్యాండు వరుసలకు శంకరాభరణంలో కట్టినవి, గమకాల బరువు లేదు. కదనకుతూహలం కూడా. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారు సృష్టించిన ఆ రాగంలో స్వరాలు దూకుతూ పోతాయి, ఊగుతూ కాదు. కమాను కొరడాలా ఝళిపించొచ్చు, చూడడానికీ బాగుంటుంది. తోడి, ముఖారి రెండో కుప్పలో పడ్డాయి. ఇవి కూర్చునే. ఎవరేమన్నా సరే.

కూర్చుంటే కనపడం అన్నది దాత అభ్యంతరం. అందులో నిజముంది. కూర్చునేవాళ్ళ కోసం మూడడుగుల ఎత్తు చెక్క వేదిక వేయించాం. పైనుంచి ఒక కెమెరా అమ్మాయి ఎడమ చేతి మీద, ఇంకోటి మృదంగం కుడి మూత మీద పెట్టి, వెనక తెర మీద చూపించాం. గాంధారం ఊగడం అంటే ఏమిటో వెనక వరుసవాళ్ళకు కంటికి కనిపించేట్టు. పొగ యంత్రం డబ్బు ఈ కెమెరాలకు పోయింది.

నేను మాట్లాడేది రెండు నిమిషాలకు మించకూడదని మృదంగం సార్ షరతు పెట్టాడు (నేను ఎక్కువ మాట్లాడతానని ఆయన నమ్మకం). ఆ రెండు నిమిషాల్లో వాగ్గేయకారుడి జీవితచరిత్ర చెప్పకుండా, దేని కోసం వినాలో చెప్పాను. "ఇప్పుడు అమ్మాయి ఈ స్వరాన్ని నిలబెడుతుంది, ఇది తోడి కాదు. ఇప్పుడు ఊపుతుంది, ఇది తోడి." రెండూ వాయించి చూపించింది. చూపించమని చెబితే నవ్వుతూ వాయించింది, నవ్వమని ఎవరూ చెప్పలేదు.

తని ఆవర్తనం గురించే నాకు దిగులుగా ఉండేది. టీ వేళ అది. ఈసారి ముందే ఆది తాళం నేర్పించాం. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది. మైదానమంతా తాళం వేస్తుంటే మృదంగం, ఘటం, తవిల్ ఆ లెక్క మీద ఎక్కి ఎటెటో పోయి, చివరి ముక్తాయింపు మూడుసార్లు తిరిగి, సరిగ్గా పాట ఎత్తుగడ మీద వచ్చి పడ్డాయి. తాళం పట్టుకుని కూర్చున్నవాడికి ఆ పడడం ఒంటికి తగులుతుంది. అక్కడ వచ్చిన అరుపు నేను పద్యనాటకాల్లో విన్న అరుపే. టీ బండివాడు కూడా గంటె పక్కన పెట్టి వేళ్ళు లెక్కపెడుతున్నాడని తర్వాత తెలిసింది.

సౌండ్‌కు పెద్ద మార్పేం లేదు. కీబోర్డును స్వరం నుంచి తప్పించి బేస్‌తో కలిపి వెనక ఆధారానికి పరిమితం చేశాం. అబ్బాయి నొచ్చుకున్నాడు, అతనికి సినిమా పాటల్లో రెండు ముక్కలు ఇచ్చాం. నడకను అమ్మాయికి తీసేయలేదు, ఒక నొట్టుస్వరానికి ఉంచాం. నడిచే దారి బాక్సుల వెనక నుంచి పోయేట్టు సున్నంతో గీత గీశాం.

రిహార్సల్ 12 సాయంత్రాలు, 30 గంటలు. షోకు 5 గంటలని ముందే రాసి గోడకు అంటించాం. ఐదు అయిపోతే ఆపేయాలి. తోడికి 7 గంటలు.

రెండో కచేరీ, దాని లోపాలు

డిసెంబరు, ధనుర్మాసం, అదే మైదానం. కుర్చీలన్నీ నిండలేదు, వెనక వంద దాకా ఖాళీగా ఉండిపోయాయి. మొదటి కచేరీ చూసి "నడిచే అమ్మాయి" కోసం వచ్చినవాళ్ళు కొందరు తోడి మధ్యలో లేచి వెళ్ళడం నేను చూశాను. ప్రచార వీడియోలు తక్కువ తీశాం కాబట్టి జనం తక్కువ వచ్చారని దాత అన్నాడు, అది నిజమే అయ్యుండొచ్చు.

రికార్డు మళ్ళీ గోడ వైపు తిరిగి విన్నాను. గాంధారం ఊగింది. ఐదుగురిదీ ఒకేలా కాదు, నాలుగో వయొలిన్ ఇంకా కొంచెం తక్కువే పలుకుతున్నాడు. కానీ జారులు జారాయి. ఇదంతా మా మార్పుల వల్లే అని ఢంకా బజాయించలేను. ఏప్రిల్‌లో కర్నూలు ఎండ నలభై దాటుతుంది. రాత్రి కూడా వేడి తగ్గదు, గాలి పొడిగా ఉండి కర్ర ఎండుకుపోయి బిరడాలు జారతాయి, లైట్ల కింద తీగలు సాగుతాయి. పాటకూ పాటకూ మధ్య శ్రుతి చేసుకునే వ్యవధి కూడా ఆ రోజు లైట్ల కార్యక్రమానికే పోయింది. డిసెంబరు చల్లదనం మాకు కలిసొచ్చిందనేది ఒప్పుకోవాల్సిందే.

ముఖారి ఈసారీ తేలిపోయింది. కూర్చున్నాం, కెమెరా ఉంది, గంటలు పెట్టాం, అయినా బిగుసుకుపోయింది. అది మందకొడిగా నడవాల్సిన పాట, ఐదుగురు కలిసి వాయిస్తే ఒకరి భావం ఇంకొకరికి అడ్డొస్తుంది. బృందానికి పనికిరాని పాటలు కొన్ని ఉంటాయి. అది ఒంటి వయొలిన్‌కు వదిలేయాలి. షోకూ దీనికీ సంబంధం లేదు, నా ఎంపిక తప్పు. వాల్ట్జ్ తీసేశాం, ఎవరూ అడగలేదు.

హార్మోనియం పెద్దాయన వచ్చాడో లేదో జనంలో కనపడలేదు. తర్వాత ఒకరోజు రాజ్‌విహార్ దగ్గర ఎదురుపడితే అడిగాను. "వచ్చినా నాయనా. తాళం వేసి వేసి చెయ్యి నొప్పి" అన్నాడు. శ్రుతి సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

వచ్చే శ్రీరామనవమికి దాత మళ్ళీ ముందుకొచ్చాడు. ఈసారి స్టేజికి రెండు పక్కలా చల్లటి మంట చిమ్మే గొట్టాలు పెడదామంటున్నాడు. కదనకుతూహలానికి ఒకసారి మాత్రం అని ఒప్పుకున్నాం. ఏప్రిల్ కదా, సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టే బదులు ఎనిమిదికి మొదలుపెట్టమని నేనన్నాను, బేరం అక్కడ ఆగింది.

అమ్మాయి మాత్రం పట్టు వదల్లేదు. ఆరు నెలలుగా బెంగుళూరు టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో పాశ్చాత్య పద్ధతిలో నిలబడి పట్టుకోవడం నేర్చుకుంటోంది. మొన్న వచ్చి, "సార్, మీరు గోడ దిక్కు తిరగండి. తోడి రెండుసార్లు వాయిస్తా. ఏది కూర్చోని, ఏది నిలబడి వాయించినానో చెప్పండి" అంది.

తిరిగాను. రెండూ విన్నాను. "రెండోది నిలబడి" అన్నాను.

"ఎట్ల తెలిసింది సార్?"

"పై షడ్జం నుంచి దిగేటప్పుడు పంచమం దగ్గర రవ్వంత ఆగినావు. అంతే."

"గాంధారం?"

"గాంధారం బాగుంది."

వచ్చే కచేరీలో తోడి కూర్చునే వాయిస్తున్నాం. పంచమం దగ్గర ఎందుకు ఆగుతోందో తెలుసుకోవడానికి షోల్డర్ రెస్ట్ ఎత్తు మార్చి చూస్తానంది.